పోవిస్ కోట: ఒక లెక్కకు రెండు పుటలు



లెక్క వ్రాయ నేర్చిన పెద్దలకు నేను క్రొత్తగా చెప్పవలసిన దేమియు లేదు. ఏ పద్దైనను రెండు చోట్ల కనబడును. ఒకరి చిట్టాలో ఖర్చుగా నున్నది మఱియొకరి చిట్టాలో జమగా నుండును. రెండు పుటలను ప్రక్కప్రక్కన బెట్టి చూచినగాని లెక్క తేలదు. మన తెలుగుదేశమునకు 1758 మొదలు 1803 వఱకు జరిగిన నలువదియైదేండ్ల చరిత్ర యట్టి లెక్కయే. దాని ఖర్చు పుట మన పల్లెలలో నున్నది. దానిని మన తాతముత్తాతలు శిస్తుల రూపమున, వేలముల రూపమున ఎఱుగుదురు. జమ పుటలో నొక భాగము సముద్రముల కావల, వేల్సు దేశపు కొండలలో, పోవిస్ అను కోటలో నున్నది. నేడు మన మా కోటకు కాలినడకను పోయి, దాని తోటను, ఏటిని, చుట్టునున్న కొండలను జూచి వత్తము. దారి పొడవునను ఆ నేల తన కథను తానే చెప్పును.

ముందుగా ఆ దేశమును గూర్చి రెండు మాటలు. వేల్సు ఇంగ్లాండునకు పడమటి ప్రక్కన నున్న కొండల దేశము. ఎనిమిదివేల చదరపు మైళ్ల వైశాల్యము. 2021 జనాభా లెక్కలలో సుమారు 31 లక్షల జనము. "వేల్సు" అనునది ఆ జనులు తమకు తాము పెట్టుకొన్న పేరు కాదు. తూర్పునుండి వచ్చిన ఆంగ్లో-సాక్సను జాతులవారు తమ భాషలో "పరాయివారు" అను నర్థమిచ్చు మాటతో వారిని పిలిచిరి. తమ నేలమీద తామే పరాయివారని పేరు పడుట ఎంత చిత్రము! వారు మాత్రము తమ్ము "కమ్రి" యని చెప్పుకొందురు. ఒక్క నేలవారము, తోడివారము అని దాని భావము. ఈ రెండు పేర్లలోనే ఆ దేశచరిత్ర సగము ఇమిడి యున్నది.

మన నడక వెల్ష్‌పూల్ అను చిన్న పట్టణమున మొదలగును. ఇంగ్లాండు సరిహద్దు అచటికి నాలుగైదు మైళ్ల దూరమే. పట్టణమునకు తూర్పున సెవెర్న్ నది పాఱుచున్నది. ప్లిన్‌లిమన్ అను కొండపై పుట్టి, 220 మైళ్లు ప్రవహించి సముద్రమున గలియు ఈ నది బ్రిటను ద్వీపమునందలి నదులలో నెల్ల పొడవైనది. మన గోదావరి కృష్ణలను జూచిన కంటికి అది ఒక పంటకాలువవలె దోచును. కాని ఆ లోయలోని పచ్చిక యంతయు దాని చలువయే. ఈ ప్రాంతమున వరి లేదు, చెఱకు లేదు. గొఱ్ఱెయే వారి పాడి, పంట. వెల్ష్‌పూలులో సోమవారమునాడు జరుగు గొఱ్ఱెల సంత ఐరోపాఖండమునందలి పెద్ద గొఱ్ఱెల సంతలలో నొకటి. మునుపు ఇచటి మగ్గములపై నేసిన ఉన్నిబట్టకు మంచి పేరుండెను.

పట్టణములో నొక పాత దేవాలయము కలదు. 1575లో విలియం మోర్గను అను పండితుడు ఈ యూరి పురోహితుడుగా నియమింపబడెను. అతడు తరువాత లాన్‌రైడర్ అను కొండపల్లెకు మాఱి, బైబిలు గ్రంథమునంతటిని వెల్షు భాషలోనికి అనువదించి 1588లో అచ్చు వేయించెను. అంతకు ఏబదియేండ్లకు మునుపే, 1536లో, న్యాయస్థానములలో ఇంగ్లీషు తప్ప వేఱు భాష పనికిరాదనియు, ఇంగ్లీషు రానివారికి ఉద్యోగము లేదనియు శాసనము పుట్టియుండెను. కచేరీనుండి తఱుమబడిన భాష ఆ యొక్క గ్రంథము మూలమున గుడిలో నిలిచినది; గుడిలో నిలిచినది గనుక ఇంటిలో నిలిచినది. 2021లో ఐదు లక్షల ముప్పదియెనిమిదివేల మంది ఆ భాష మాటలాడుచుండిరి. 2011లో చేసిన చట్టముచే నది వేల్సునందు అధికారభాష యైనది. ఈ ముచ్చట మనసున నుంచుకొని ముందుకు సాగుదము.

పట్టణపు వీథి దాటి రాజోద్యానపు ద్వారము ప్రవేశించినంతనే దారి మెల్లగా నెక్కును. ఇరుప్రక్కల వందలయేండ్ల నాటి ఓకు వృక్షములు. మన ఊరి రావిచెట్టువలె మానులు తిరిగి, తొఱ్ఱలు పడి, కొమ్మలు నేలకు వ్రాలియున్నవి. వాని క్రింద జింకలు మేయుచుండును. ఒక మైలు నడచినంతనే చెట్ల నడుమ ఎఱ్ఱని గోడలు కనబడును. కోట నిలిచిన గుట్టయు ఎఱ్ఱ ఇసుకరాయి, కోట కట్టినదియు ఎఱ్ఱరాయి. అందుచే నా దేశస్థులు దీనిని తమ భాషలో "ఎఱ్ఱకోట" యనియే పిలుచువారు. గుట్ట యెచట ముగిసినదో, గోడ యెచట మొదలైనదో దూరమునుండి చెప్పుట కష్టము.

ఈ కోటను మొదట కట్టినది ఇంగ్లీషు ప్రభువు కాదు. పోవిస్ సీమ నేలిన వెల్షు రాజకుమారుడే. అతని పేరు గ్రిఫిద్. పదుమూడవ శతాబ్దమున వేల్సును ఒక్క గొడుగు క్రిందికి దేవలెనని లూవెలిన్ అను ప్రభువు పాటుపడుచుండెను. గ్రిఫిద్ అతనికి లోబడి యుండుట కిష్టపడలేదు. 1274లో కుట్ర చేసి, అది బయటపడగా ఇంగ్లాండునకు పాఱిపోయెను. లూవెలిన్ ఈతని కోటను నేలమట్టము గావించెను. 1277లో ఇంగ్లాండు రాజగు మొదటి ఎడ్వర్డు దండెత్తి రాగా ఆ సేనల వెంట గ్రిఫిద్ తిరిగి వచ్చి తన సీమను మరల సంపాదించుకొనెను. 1282లో లూవెలిన్ హతుడయ్యెను. వేల్సు స్వాతంత్ర్యము దానితో ముగిసెను. గ్రిఫిద్ కొడుకు తమ రాచబిరుదును వదలి, ఇంగ్లీషు జమీందారుల తీరున ఊరి పేరునే ఇంటిపేరుగా ధరించెను. 1309లో ఆ వంశపు ఆడుబిడ్డ హావిస్ ఒక ఇంగ్లీషు ప్రభువును వివాహమాడగా కోట ఆ యింటివారి దయ్యెను. ఇరుగుపొరుగు పాలకులు ఒండొరులపై కక్షచే పరాయి బలమును పిలిచిన, వచ్చిన బలము తిరిగి పోదు. ఈ మాటను మరవకుడు. కొంతసేపటికే మనకు దీనితో మరల పని కలుగును.

1587లో ఎడ్వర్డు హెర్బర్టు అను ప్రభువు ఈ కోటను కొనెను. హెర్బర్టు వంశమువారు రాజభక్తులు, రోమను కథోలికులు. ఇంగ్లాండున రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరిగిన కాలమున, 1644లో, పార్లమెంటు సేనలు కోటను బట్టుకొన్నవి. 1688లో రెండవ జేమ్సు రాజు దేశము విడిచి పోగా, ఈ కోట ప్రభువును ఆయన వెంట పరదేశమునకు బోయెను. క్రొత్త రాజు కోటను తన అనుచరున కిచ్చెను. 1722లోగాని అది హెర్బర్టుల చేతికి తిరిగి రాలేదు. ఒక చెట్టు నాటి దాని నీడకు కూర్చుండునంతలో యజమానులు మాఱిపోయిరి. చెట్లు మాత్రము అచటనే యున్నవి.

ఇప్పుడు తోటలోనికి దిగుదము. కోటకు ఆగ్నేయ దిక్కున గుట్టను నిలువున చెక్కి నాలుగు మెట్టులుగా, మన కొండవాలున మళ్లు తీర్చినట్లు, వెడల్పైన అరుగులను తీర్చిరి. ఇది పదునేడవ శతాబ్దము చివర మొదలైన పని. అంచులయందు సీసముతో పోతపోసిన గొల్లవారి, గొల్లెతల బొమ్మలు నిలువబెట్టిరి. ఆ బొమ్మల వెనుక యూ అను వృక్షములు. నాడు చిన్న గోపురములవలె కత్తిరింపబడిన యా మొక్కలు మూడువందల యేండ్లలో పెరిగి పెరిగి, నేడు నల్లని ఏనుగులు గోడపైనుండి క్రిందికి వంగి చూచుచున్నట్లున్నవి. మెట్టు అంచున నిలిచి తూర్పు జూచిన, ముందు పచ్చికబయలు, దానికావల సెవెర్న్ లోయ, ఆ పైన లాంగ్ మౌంటెన్ అను నిడుపాటి కొండ, ఎడమచేతి దిక్కున బ్రైడెన్ కొండల మూడు శిఖరములు. ఆ చూపు శాంతముగా నుండును. ఇచట నిలిచినవానికి ప్రపంచమున కలహమే లేదనిపించును.

కాని మనము లెక్క చూడ వచ్చినవారము. మఱల లోనికి పోదము.

పదునెనిమిదవ శతాబ్దపు చివరి భాగమున ఈ కోట శిథిలావస్థలో నుండెను. హెర్బర్టు ప్రభువునకు బిరుదు గలదు, ధనము లేదు. అతని చెల్లెలు హెన్రియెట్టాను 1784లో ఎడ్వర్డు క్లైవు అను యువకుడు పెండ్లాడెను. అతనికి ధనము గలదు, పాత వంశపు బిరుదు లేదు. పెండ్లి మూలమున రెండు కొఱతలును దీఱినవి. ఎడ్వర్డు క్లైవు ఎవరో కాదు. ప్లాసీ క్లైవుగా మన మెఱిగిన రాబర్టు క్లైవు పెద్దకొడుకు. 1801లో హెన్రియెట్టా అన్న సంతానము లేక చనిపోగా, ఆస్తి ఆమె కొడుకునకు సంక్రమించెను. ఆ కుమారుడు 1807లో క్లైవు అను ఇంటిపేరు వదలి హెర్బర్టు అను పేరు ధరించెను. అతని తండ్రికి 1804లోనే పోవిస్ ప్రభువను బిరుదు వచ్చియుండెను. శిథిలమైన గోడలు క్లైవుల ధనముతో మరల నిలిచినవి.

ఆ ధన మెక్కడిది? రాబర్టు క్లైవు 1744లో చెన్నపట్టణమునకు కంపెనీ గుమాస్తాగా వచ్చెను. 1757 జూను 23న ప్లాసీలో గెలిచిన పిదప, క్రొత్త నవాబు వలన అతనికి ముట్టినది రెండులక్షల ముప్పదినాలుగువేల పౌనులు. అటుపైన ఏటేట ఇరువదియేడువేల పౌనులు వచ్చు జాగీరొకటి. ఈ సొమ్మును గూర్చి 1773లో పార్లమెంటులో విచారణ జరిగెను, అతడు తప్పించుకొనెను. అంతకు మూడేండ్లకు మునుపు, 1770లో, బంగాళదేశమును ఘోరమైన క్షామము పీడించెను. క్లైవు 1774లో మరణించెను.

అది బంగాళపు సొమ్ము గదా, మన కేమని మీ రడుగవచ్చును. వినుడు. 1753లో ఉత్తరసర్కారులు ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికి వచ్చియుండెను. విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిని వెడలగొట్ట దలచి బంగాళములోని క్లైవునకు కబురంపెను. క్లైవు కర్నలు ఫోర్డును సేనతో పంపెను. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధము. 1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రి మచిలీపట్టణపు కోటపై ముట్టడి. తెల్లవాఱునప్పటికి కోట ఇంగ్లీషువారిది. నిజాము సింహాసనమున నున్న సలాబతుజంగు మచిలీపట్టణము చుట్టునున్న ఎనుబది మైళ్ల పొడవు, ఇరువది మైళ్ల వెడల్పు గల నేలను వారికి వ్రాసి యిచ్చెను. 1765 ఆగస్టులో క్లైవు ఢిల్లీ పాదుషా షాఆలమువలన బంగాళపు దివానీతో బాటు ఉత్తరసర్కారులకు ఫర్మానా గూడ పుచ్చుకొనెను. ఇందాక గ్రిఫిద్ కథలో జ్ఞాపకముంచుకొను డంటిని గదా! ఐదువందల యేండ్లకు మునుపు సెవెర్న్ లోయలో జరిగినదే మన కడలితీరమున మరల జరిగెను.

ఇక కొడుకు మాట. ఎడ్వర్డు క్లైవు 1798 ఆగస్టు మొదలు 1803 ఆగస్టు వఱకు చెన్నపట్టణమున గవర్నరుగా నుండెను. ఆ యైదేండ్లను వేళ్లపై లెక్కింతము. 1799 మే 4న శ్రీరంగపట్టణము పడెను. టిప్పు సుల్తాను పోరుచు మడిసెను. 1800 అక్టోబరులో నిజాము తనకు మైసూరు యుద్ధములలో వచ్చిన కడప, అనంతపురము, బళ్లారి, కర్నూలులో కొంత సీమను కంపెనీకి వదలెను. అవి దత్తమండలములైనవి, 1928 తరువాత రాయలసీమ యని మనము పిలుచుకొన్న నేలయే యది. 1801 జూలైలో ఆర్కాటు నవాబు పాలనాధికారము కంపెనీ పరమయ్యెను. దానితో నెల్లూరు, చిత్తూరు సీమలు చేతులు మాఱినవి. 1802లో శాశ్వత జమాబందీ శాసనము పుట్టెను. సర్కారు జిల్లాలలో జమీందారులు చెల్లింపవలసిన పేష్కషు కలకాలమునకు నిర్ణయమయ్యెను. గడువు తప్పిన జమీ వేలమునకు వచ్చును. దత్తమండలములలో మన్రో దొర పాళెగాండ్ర నణచి, రైతువారీ లెక్కకు దారి వేసెను. కోస్తా, సీమ రెండింటను భూమి శిస్తుకు నూటయేబది యేండ్లు నడచిన కట్టుబాటు ఆ యైదేండ్లలోనే నాటుకొన్నది.

న్యాయము తప్పి మాటలాడరాదు. ఇవియన్నియు ఎడ్వర్డు క్లైవు ఒక్కని తలపులు కావు. పైన గవర్నరు జనరలు వెల్లెస్లీ; ఆజ్ఞ ఆతనిది, సంతకము ఈతనిది. ఈ గవర్నరునకు తోటలన్నను, కట్టడములన్నను ప్రీతి. చెన్నపట్టణములో నేడు రాజాజీ హాలు అని పేరుగల మండపము ఈతడు కట్టించినదే. ప్లాసీ, శ్రీరంగపట్టణ విజయములకు గుర్తుగా దానిని లేపిరి. ఒకటి తండ్రి గెలుపు. రెండవది కొడుకు గవర్నరుగా నున్న నాటి గెలుపు. 1948లో దానికి మన రాజాజీ పేరు పెట్టిరి.

పోవిస్ కోటలో నొక పొడవైన గదిలో ఈ కుటుంబము ఇండియానుండి తెచ్చిన వస్తువులను అద్దాల బీరువాలలో నుంచి చూపుచున్నారు. 1987లో ఆ గదిని చూపుటకు తెఱచిరి. కత్తులు, హుక్కాలు, దంతపు పనులు, దేవతా విగ్రహములు వరుసగా నున్నవి. వానిలో పిడికిలి పరిమాణము గల బంగారు పులితల యొకటి. కన్నులయందును, నుదుటను కెంపులు, పచ్చలు పొదిగిరి. అది టిప్పు సుల్తాను సింహాసనపు కటకటాలపై నుండిన ఎనిమిది పులితలలో నొకటి. శ్రీరంగపట్టణము పడిన పిదప ఆ సింహాసనమును ముక్కలుగా గొట్టి గెలిచిన సేనకు వాటాలు వేసిరి. ముందుభాగపు పెద్ద పులితల విండ్సరు రాజభవనమున నున్నది. చిన్నతల యొకటి ఇచటికి వచ్చినది. సింహాసన మొక్కటే, తలలు తలకొక దేశము.

దానికి సమీపముననే టిప్పుది యగు నూలుగుడ్డ డేరా. తెల్లని నేలపై పూలకుండల అద్దకము. పెడన, మచిలీపట్టణపు అద్దకపు పనివారు చూచినచో ఆ పూలను తమ బంధువులుగా గుర్తింతురు. యుద్ధభూమిలో సుల్తానునకు నీడ యిచ్చిన యా డేరాను ఈ ప్రభువులు తోటలో విందులు చేసికొనునపుడు పందిరిగా వేయుచుండిరి. వినుటకు చిన్న విషయమే. కాని గెలిచినవాని యింట ఓడినవాని వస్తువు ఎట్లు బ్రదుకునో చూపుటకు ఇంతకన్న పెద్ద గ్రంథ మక్కఱలేదు.

హెన్రియెట్టా మాట గూడ చెప్పకున్న లెక్క పూర్తికాదు. ఆమె 1800 మార్చిలో ఇద్దఱు కూతుండ్రను వెంటబెట్టుకొని చెన్నపట్టణమునుండి బయలుదేఱి, బెంగుళూరు, మైసూరు, తిరుచిరాపల్లి, తంజావూరు మీదుగా ఏడునెలలలో వేయి మైళ్లకు పైగా ప్రయాణము చేసెను. రాళ్లు, మొక్కలు సేకరించెను. పారసీక భాష నేర్వబూనెను. పండ్రెండేండ్ల చిన్నకూతురు షార్లెట్ ఆ ప్రయాణమును దినచర్యగా వ్రాసినది. ఆ బాలికయే పెద్దదై తరువాత విక్టోరియా రాణికి, ఆమె రాణి గాకపూర్వము, శిక్షకురాలయ్యెను. దోచుకొన్న యింటిలో తెలిసికొన గోరిన మనుష్యులును ఉందురు. చరిత్రలో మనుష్యులను ఒక్క రంగుతో చిత్రింపరాదు.

ఇక కోట దిగి, నది వంతెన దాటి, ఎదుటి కొండ నెక్కుదము. దారిలో నొక మట్టికట్ట కనబడును. మన చెఱువుకట్టవంటిదే; కాని దాని వెనుక నీరు లేదు, ముందు కందకము గలదు. 757 మొదలు 796 వఱకు రాజ్యము చేసిన ఆఫా అను ఇంగ్లీషు రాజు పేర దీనిని పిలుతురు. తన రాజ్యమునకును వెల్షువారికిని నడుమ హద్దుగా మైళ్లకొలది దీనిని వేయించెను. హద్దురాయి పాతుట మన మెఱుగుదుము. హద్దుకట్ట దేశము పొడవునను వేయుట ఇచట చూడవచ్చును. 1971లో ఈ కట్ట వెంబడి 177 మైళ్ల కాలిబాటను పాదచారులకొఱకు తెఱచిరి. ఒకప్పుడు మనుష్యులను వేఱుచేయుటకు వేసిన కట్టపై నేడు ఇరుదేశములవారును కలిసి నడచుచున్నారు.

లాంగ్ మౌంటెన్ శిఖరమున రోమకులకంటెను ముందు కాలపు మట్టికోట యున్నది. సముద్రమట్టమునకు 408 మీటర్ల యెత్తు. 1485 ఆగస్టులో హెన్రీ ట్యూడరు అను వెల్షు సంతతివాడు ఇంగ్లాండు సింహాసనము కోరి పోవుచు ఈ కొండపై తన సేనలను కూర్చుకొనెను. ఆ నెల 22న గెలిచి ఏడవ హెన్రీ రాజయ్యెను. మనవాడు రాజయ్యెనని వెల్షువారు పొంగిపోయిరి. వారి భాషను కచేరీలనుండి వెడలగొట్టిన 1536 శాసనము, ఇందాక చెప్పినది, చేయించినవాడు ఆ హెన్రీ కుమారుడే. మనవాడు గద్దె నెక్కినంత మాత్రమున మన మాటకు విలువ వచ్చు ననుకొనుట పొరపాటని ఆ కొండ చెప్పుచున్నది.

ఉత్తరమున బ్రైడెన్ శిఖరముపై నొక రాతిస్తంభము నిలిచియున్నది. నౌకాసేనాపతి రాడ్నీ గౌరవార్థము 1782 ప్రాంతమున ఈ జిల్లా భూస్వాములు దానిని నిలిపిరి. యుద్ధనౌకలకు కావలసిన ఓకు మ్రాను ఈ కొండలనుండి కొట్టి, సెవెర్న్ నదిలో తేల్చి బ్రిస్టలు రేవునకు బంపుచుండిరి. ఆ మ్రానుతో కట్టిన ఓడలవంటి ఓడలే సముద్రములపై ఇంగ్లీషువారి జెండాను నిలిపినవి. వెల్షు రైతు అడవి కూడ ఆ లెక్కలో నొక పద్దే.

సాయంకాల మగుచున్నది. ఈ కొండమీదినుండి పడమట జూచిన ఆ ఎఱ్ఱని కోట వెలుగులో దీపమువలె నుండును. దాని తుదికథ చెప్పి ముగింతును. నాల్గవ పోవిస్ ప్రభువునకు ఇరువురు కుమారులు. పెద్దవాడు 1916లో మొదటి మహాయుద్ధమున తగిలిన గాయములచే మరణించెను. రెండవవాడు 1943లో విమానప్రమాదమున పోయెను. తండ్రి 1952లో చనిపోవుచు కోటను, తోటను దేశపు ఆస్తులను కాపాడు నేషనల్ ట్రస్టు అను సంస్థకు వ్రాసి యిచ్చెను. బిరుదు దాయాదులకు బోయినది. రుసుము చెల్లించిన ఏ పాదచారియైనను నేడు ఆ మెట్లు దిగవచ్చును. అంతకు నాలుగేండ్లకు మునుపే, 1948లో, మదరాసు శాసనసభ జమీందారీ రద్దు చట్టము చేసెను. 1802లో ఎడ్వర్డు క్లైవు ప్రభుత్వము వేసిన ముడి విడిపోయెను. ఒక లెక్కకు చెందిన రెండు పుటలు నాలుగేండ్ల యెడముతో మూయబడినవి.

మూసిన పుట చదువరాదని కాదు. 2020 సెప్టెంబరులో ఆ సంస్థయే తన యధీనమందలి కోటలకును, వలసరాజ్యపు ధనమునకును గల సంబంధమును గూర్చి యొక నివేదిక ప్రకటించెను. అందు పోవిస్ పేరును గలదు. ఆ దేశమున కొందఱు మెచ్చిరి, కొందఱు కోపించిరి. ఏమైనను వారు తమ పుటను తెఱచిరి. మన పుట మాట యేమి?

ఆ 1800 ప్రాంతముననే మెకంజీ దొర వెంట మన తెలుగువారగు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూర తిరిగి గ్రామచరిత్రలు ప్రోగు చేసిరి. అవియే కైఫీయతులు. కరణముల యిండ్లలోని దండకవిలెలు వానికి ఆధారము. 1984లో కరణీకములు పోయినవి. కవిలెకట్టలు అటకలపై చెదలకు బోవుచున్నవి. పోవిస్ కోటలోని పులితల మనకు తిరిగి వచ్చునో రాదో ప్రభుత్వములు చూచుకొనును. కాని మీ యటకమీది కాగితము మీ చేతిలోని పని. ఏ చెఱువు ఎవరు త్రవ్వించిరో, ఏ జమీ ఏ యేట వేలమునకు వచ్చెనో, ఏ యింటివారు శిస్తు కట్టలేక ఊరు విడిచిరో, ఎఱిగిన పెద్దలు నేటికిని ఉన్నారు. వారు చెప్పగా పిల్లలు వ్రాయవలెను. వెల్షువారు కచేరీలో ఓడియు ఒక్క గ్రంథముతో భాష నిలుపుకొనిరి. మనమును మన లెక్కను వ్రాసి నిలుపుకొందము. జమ పుట కొండమీద ఎఱ్ఱని రాతితో నిలిచి యున్నది. ఖర్చు పుటను మనము చేజేతుల పోగొట్టుకొన్న, లెక్క ఎన్నటికిని సరిపడదు.